1989: నా మార్కుల పట్టిక చెల్లకుండా పోయిన ఏడాది

మా అక్క ఇల్లు మారుతూ పాత పెట్టెలన్నీ బయటికి లాగుతోందట. పోయిన వారం రాత్రి పదింటికి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. రంగు మారిపోయిన గీతల కాగితం, మధ్యలో జిగురు పెట్టి అంటించిన సినిమా టికెట్ ముక్క, దాని పక్కన నా కోడిగీతల చేతిరాతలో "ఫైట్లు 28/30". కింద అక్క ప్రశ్న: "ఒరేయ్, రాత్రిళ్ళు లైటు వేసుకుని నువ్వు చదివిన కెమిస్ట్రీ ఇదేనా?"

అబద్ధం ఎందుకు, అది కెమిస్ట్రీ నోట్సే. మొదటి నాలుగు పేజీల్లో నిజంగానే కెమిస్ట్రీ ఉంది. ఐదో పేజీ నుంచి 1989 లో నేను చూసిన తెలుగు సినిమాలు. అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. చూసిన ప్రతి సినిమాకీ వందకి మార్కులు వేసేవాణ్ణి. ఫైట్లకి ముప్ఫై, పాటలకి ఇరవై అయిదు, కామెడీకి ఇరవై, హీరోయిన్‌కి పదిహేను, మిగిలిన పది కథకి. కథకి పదే ఎందుకంటే అప్పట్లో నా లెక్క ప్రకారం కథ అనేది ఫైటుకీ పాటకీ మధ్య ఊపిరి పీల్చుకోవడానికి ఇచ్చే సమయం. ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను, నేను చిరంజీవి అభిమానిని. కాబట్టి ఈ మార్కుల్లో నిష్పాక్షికత వెతక్కండి.

అక్క రెండు రోజుల పాటు వరస లేకుండా ఆ పేజీలు పంపుతూనే ఉంది. నేను పని మానేసి ఫొటోలు పెద్దవి చేసుకుని చదువుతూనే ఉన్నాను.

ఆ ఏడాది సంక్రాంతికి 'అత్తకు యముడు అమ్మాయికి మొగుడు' వచ్చింది. 96 వేశాను. మిగతా నాలుగు ఎందుకు కోశానో గుర్తులేదు, బహుశా దిష్టి తగలకుండా. కోదండరామిరెడ్డి గారి సినిమా, చిరంజీవీ విజయశాంతీ, వాళ్ళిద్దరికీ మించి అత్తగా వాణిశ్రీ. అంతకుముందు తరానికి హీరోయిన్‌గా తెలిసిన మనిషి, ఆ పొగరు పట్టిన అత్త వేషంలో నడిచొస్తుంటే హాల్లో ఆడవాళ్ళ వైపు నుంచి కూడా ఈలలు వినిపించాయి, ఆ మాట పేజీలో ప్రత్యేకంగా రాసుకున్నాను కూడా. అల్లుడు ఒక మాట అంటాడు, అత్త ఒక మాట అంటుంది, హాలు ఊగిపోతుంది. సినిమా అంటే ఇదే కదా, ఇంతకన్నా ఏం కావాలి అనుకున్న రోజులు. ఇప్పుడు టీవీలో వచ్చినా ఛానెల్ మార్చను, అది వేరే విషయం.

అదే సంక్రాంతికి వెంకటేష్, రేవతి నటించిన 'ప్రేమ' వచ్చింది. దానికి 61. ఫైట్లు తక్కువని కోసేశాను! "ప్రియతమా నా హృదయమా" పాటకి మాత్రం పాటల గడిలో 25 కి 25 వేసి, పక్కన ఇంకో రెండు కలిపాను, అంటే 27/25. లెక్కల మాస్టారు చూస్తే చెవి మెలిపెట్టేవారు. ఆ పాట రాసిన ఆత్రేయ గారు అదే ఏడాది సెప్టెంబర్‌లో పోయారు. రేడియోలో వార్త విన్న రోజు నాన్న చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. నాకు ఆ మనిషి ఎవరో, నాన్నకి ఏమవుతాడో అప్పటికి అర్థం కాలేదు. నేను 27 వేసిన పాట ఆయనదేనని తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత.

'స్టేట్ రౌడీ' 91. 'ముద్దుల మావయ్య' 74, అది బాలకృష్ణ సినిమా కాబట్టి 74, లేకపోతే ఇంకో పది పడేవి. చెల్లెలి సెంటిమెంటు దగ్గర నా పక్క కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి కండువా నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు, ఆయన ఏడుపు చూసి నాకూ కళ్ళు తడిశాయి, తడిశాయని ఒప్పుకోవడం ఇష్టం లేక మార్కులు కోశాను. 'చెట్టు కింద ప్లీడరు'కి కామెడీ గడిలో ఇరవైకి ఇరవై. వంశీ, రాజేంద్రప్రసాద్, ఇళయరాజా కలిస్తే ఇంకేం చెప్పాలి. ఆ డొక్కు కారూ, దాని మీద పాటా. ఇప్పుడు ఎవరైనా మనసు బాగోలేదంటే నేను చూడమని చెప్పే సినిమాల్లో అది మొదటి మూడిట్లో ఉంటుంది.

'విచిత్ర సోదరులు' పేజీ నిండా బొమ్మలున్నాయి. అరవం నుంచి డబ్బింగ్ అయి వచ్చినా, తీసింది మన సింగీతం గారే కాబట్టి మా వాళ్ళంతా దాన్ని తెలుగు సినిమా కిందే కట్టారు. అందులో కమల్ హాసన్ మరుగుజ్జుగా ఎలా నటించాడన్న దాని మీద మా కాలేజీలో నెల రోజుల పాటు చర్చ జరిగింది, ఆ చర్చలో పదో వంతు ఫిజిక్స్ మీద జరిగుంటే మాలో సగం మంది ఇంజనీర్లయ్యేవాళ్ళు. గొయ్యి తీసి అందులో నిలబెట్టారని ఒకడు, కాళ్ళు వెనక్కి మడిచి కట్టారని ఇంకొకడు, అసలు ఆ మనిషి కమల్ కాదు, తల ఒక్కటే కమల్‌ది అని మూడోవాడు. నేను మోకాళ్ళకి బూట్లు తొడిగిన బొమ్మ ఒకటి గీసి కింద "ఇలా నడిస్తే నొప్పి పుట్టదా?" అని రాసుకున్నాను. రాసి ఊరుకోలేదు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు నాన్న బూట్లు మోకాళ్ళకి తాడుతో కట్టుకుని హాల్లో నడిచి చూశాను. నాలుగు అడుగులు. నొప్పి పుడుతుంది. తర్వాతెప్పుడో చదివితే తెలిసింది, ఆ గొయ్యి వాదమూ నిజమే, ఆ మోకాళ్ళ బూట్ల వాదమూ నిజమేనట, ఒక్కో షాట్‌కి ఒక్కో కిటుకు.

ఇక మేలో 'గీతాంజలి'.

ఈ పేజీ ఫొటో వచ్చినప్పుడు అక్క కింద ఏమీ రాయలేదు, ఒక కోపం బొమ్మ పెట్టింది. ఎందుకంటే నేను 'గీతాంజలి'కి వేసిన మార్కులు 48. ఇప్పుడు చూస్తుంటే నాకే చెంపలు వేసుకోవాలనిపిస్తోంది. ఫైట్లకి 6, కామెడీకి 11, "హీరో చిరంజీవి అయ్యుంటే బాగుండేది" అని ఒక మహత్తరమైన విమర్శ.

అసలు జరిగిందేమిటంటే, అక్క బలవంతం మీద వెళ్ళాను. తనకి మణిరత్నం పిచ్చి, 'మౌనరాగం' చూసిన దగ్గర్నుంచీ. ఆయన నేరుగా తెలుగులో తీసిన సినిమా అదొక్కటే, ఇప్పటికీ అదొక్కటే. మొదలైన పది నిమిషాలకి హాల్లో గొడవ. తెర మసగ్గా ఉందని వెనక్కి తిరిగి ఆపరేటర్‌ని తిట్టడం మొదలెట్టారు జనం, "కార్బన్ మార్చు బాబూ" అని. అప్పట్లో ప్రొజెక్టర్లలో కార్బన్ కడ్డీలు మండుతుండేవి, అవి అరిగితే వెలుతురు తగ్గి బొమ్మ పాలిపోయేది, కాబట్టి తిట్టడం మాకు అలవాటే. కానీ ఆ రోజు తప్పు కార్బన్‌ది కాదు. పి.సి.శ్రీరామ్ అలాగే తీశాడు. కిటికీలోంచి వచ్చే వెలుతురు తప్ప ఇంకో దీపం లేనట్టుండే గదులు, ఊటీ మంచు, ఆ మంచులోంచి మనిషి బయటికొచ్చేదాకా ఎవరో తెలియకపోవడం. హీరో ముఖం మీద నాలుగు లైట్లు కొడితే తప్ప సినిమా అనుకోని మా కళ్ళకి అది కరెంటు తక్కువైన వ్యవహారంలా కనబడింది. కాసేపటికి అరుపులు వాటంతటవే ఆగిపోయాయి. ఎప్పుడు ఆగాయో ఎవరూ గమనించలేదు.

గిరిజ అనే ఆ కొత్తమ్మాయి చావు గురించి ఎంత తేలిగ్గా మాట్లాడుతుందో చూశారు కదా. నువ్వూ పోతావు, నేనూ పోతాను, అందరం పోయేవాళ్ళమే అన్న ధోరణిలో, ఏదో బస్సు టైమింగులు చెప్పినట్టు. ఆ మాటలకి గొంతు రోహిణిది. ఆ గొంతు లేకుండా గీతాంజలిని ఊహించుకోలేం. నాగార్జున అంతకుముందు సినిమాలన్నిట్లో నాకు నాగేశ్వరరావు గారి అబ్బాయి మాత్రమే, ఇందులో మొదటిసారి ఒక కుర్రాడిలా కనిపించాడు, బతకాలో వద్దో తేల్చుకోలేని మామూలు కుర్రాడు. "ఓం నమః" పాటలో గుండె చప్పుడే తాళం. హాల్లో స్పీకర్లు అంతంతమాత్రం, అయినా ఆ చప్పుడు కుర్చీ చెక్కలోంచి వీపుకి తెలిసింది. అక్క నా వైపు తిరిగింది. నేను తెర వైపే చూస్తూ కూర్చున్నాను, తల తిప్పితే దొరికిపోతానని.

ఇంటికొచ్చి 48 వేశాను. చిరంజీవి అభిమాని నాగార్జున సినిమాకి ఏడవడమేమిటి? ఆ తర్వాత ఆ సినిమా ఇంకో మూడుసార్లు చూశాను, ఎవరికీ చెప్పకుండా, ఒక్కణ్ణే. ఆ మూడు టికెట్లూ అంటించలేదు. ఆ ఏటి సినిమాలకి జాతీయ అవార్డులు ప్రకటించినప్పుడు ఆరోగ్యకరమైన వినోదం అందించిన చిత్రంగా దానికే వచ్చింది. నా అవార్డు కమిటీ మాత్రం 48 దగ్గరే ఆగిపోయింది.

ఆ అవార్డుల్లోనే తెలుగులో ఉత్తమ చిత్రం విశ్వనాథ్ గారి 'సూత్రధారులు'. దీన్ని నాన్నతో కలిసి చూశాను, ఆ ఏడాది నాన్నతో చూసింది ఇదొక్కటే. అంతకుముందు ఏడాదే 'స్వర్ణకమలం' వచ్చింది, మళ్ళీ అలాంటి డాన్సులూ పాటలూ ఉంటాయని ఆశపడి వెళితే ఇది వేరేలా ఉంది. ఊరు, ఊరి పెత్తనం, దెబ్బకి దెబ్బ తియ్యకుండా మనిషిని మార్చడం గురించి. నాకు నిరాశ. నాన్న మాత్రం నాగేశ్వరరావు గారు తెర మీదికొచ్చిన ప్రతిసారీ ముందుకి వంగి కూర్చున్నారు. బయటికొచ్చాక "ఎలా ఉంది?" అంటే "బాగుంది నాన్నా" అన్నాను. పేజీలో 39 వేశాను. పోయినేడు మళ్ళీ చూశాను. ఇప్పటికీ నా విశ్వనాథ్ సినిమాల్లో అది పైన లేదు, కానీ 39 అయితే అన్యాయం. నాన్న లేరు కాబట్టి ఆయన ఎన్ని వేసేవారో అడగడానికి లేదు.

'రుద్రనేత్ర' నా మొదటి పెద్ద దెబ్బ. చిరంజీవి గూఢచారి, రాఘవేంద్రరావు గారి డైరెక్షన్, కాగితం మీద చూసుకుంటే వందకి నూట పది రావాలి. ఇంటర్వెల్లో నా ఫ్రెండు "సెకండాఫ్‌లో లేస్తుంది చూడు" అన్నాడు. లేవలేదు. అయినా 78 వేశాను. ఆ 78 పక్కన నేనే మళ్ళీ చిన్నగా ఒక ప్రశ్నార్థకం గీశాను, నామీద నాకే అనుమానం మొదలైంది అక్కడే అనుకుంటాను.

అక్టోబర్ 5 న నాగార్జునదే 'శివ' విడుదలైంది.

ఈ పేజీ ఫొటోలో పట్టిక ఉంది, ఫైట్లు, పాటలు, కామెడీ, అన్ని గడులూ స్కేలు పెట్టి గీసి ఉన్నాయి, ఒక్క గడిలోనూ అంకె లేదు. మొత్తం మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఒక గీత కొట్టేసి ఉంది. గీత పెన్నుతో ఎంత గట్టిగా కొట్టానంటే కాగితం చిరిగింది.

ఎందుకు కొట్టానో బాగా గుర్తుంది. ఫైట్లకి ఎన్ని వేయాలో తెలియలేదు. అప్పటిదాకా ఫైటు అంటే డిష్షుం అని ఒక చప్పుడు, పది మంది గాల్లోకి లేవడం, హీరో జుట్టు చెదరకపోవడం. ఇందులో కొట్టుకుంటుంటే భయమేసింది. తగిలితే నిజంగా తగులుతుందనిపించింది. కెమెరా మనుషుల వెంట పరిగెడుతుంటే మనమే పరిగెడుతున్నట్టు ఆయాసం. కెమెరాని అలా కుదుపు లేకుండా మోసే పరికరాన్ని స్టెడీకామ్ అంటారని, మన దేశంలో దాన్ని అలా వాడిన తొలి సినిమాల్లో ఇదొకటని తర్వాత పత్రికల్లో చదివాం. ఛాయాగ్రహణం ఎస్.గోపాలరెడ్డి. చీకటి మెట్లు, ఖాళీ కారిడార్, అడుగుల చప్పుడు. విలన్ అరవడు! భవానీగా రఘువరన్ గొంతు పెంచకుండా, నిద్ర చాలని వాడిలా మాట్లాడతాడు. విలన్ అంటే నవ్వుతూ అరవాలి, మందు గ్లాసు పట్టుకోవాలి, పక్కన ఒక డాన్సర్ ఉండాలి అనుకునే మాకు ఆ మెల్లని గొంతు వింటే వెన్నులో చలి పుట్టింది. డైలాగులు తనికెళ్ళ భరణి. చప్పట్లు కొట్టాల్సిన చోటు ఇదీ అని ముందే చెప్పే డైలాగు ఒక్కటీ లేదు, ఇళ్ళల్లో, కాలేజీ గేటు దగ్గర మాట్లాడుకునే మాటలే.

కొట్టడానికి హీరో సైకిల్ చైన్ లాగే ఆ క్షణం గురించి అందరూ రాశారు, నేనూ రాస్తే అరిగిపోయిన రికార్డే అవుతుంది. నేను చెప్పేది మర్నాటి సంగతి. మా కాలేజీ సైకిల్ స్టాండులో కనీసం ఆరుగురు సైకిళ్ళ ముందు గొంతుక్కూర్చుని చైన్ లాగుతూ కనిపించారు, వాళ్ళలో నేనొకణ్ణి. చైన్ రాదండీ. ముందసలు మా సైకిళ్ళకి నిండుగా చైన్ కవర్ ఉండేది, దాన్ని విప్పడానికే స్పానర్ కావాలి. విప్పితే చైన్ జారుతుంది గానీ తెగదు, దాని లాకు ఒకటుంటుంది, దాన్ని స్క్రూడ్రైవర్‌తో మీటితే తప్ప విడిపోదు. ఈలోపు నన్ను కొట్టడానికి సినిమాలో జేడీ లాంటివాడు ఎవడైనా వచ్చుంటే నన్ను రెండుసార్లు కొట్టి ఇంటికెళ్ళి నిద్రపోయేవాడు. నా చొక్కా నిండా నల్ల గ్రీజు, బొటనవేలు గోరు కింద చీరుకుపోయింది. అమ్మ అడిగితే చైన్ పడిపోయింది అన్నాను, అది అబద్ధం కూడా కాదు.

'శివ'లో నాకు నచ్చనివీ ఉన్నాయి, అప్పుడే ఉన్నాయి. ఇళయరాజా భక్తుణ్ణయ్యుండి కూడా ఆ సినిమాలో కొన్ని పాటలు వచ్చినప్పుడు ఇవెందుకిప్పుడు అనిపించింది. ఆయన నేపథ్య సంగీతంతో చేతులు చల్లబడ్డాక డ్యూయెట్ వస్తే ఒంటికి పట్టదు. బోటనీ క్లాసా మ్యాట్నీయా అనే సిరివెన్నెల పాట మాత్రం మాకోసమే రాసినట్టుండేది. సరదా ఏమిటంటే 'ప్రేమ', 'గీతాంజలి', 'శివ', 'చెట్టు కింద ప్లీడరు', 'విచిత్ర సోదరులు', ఈ అయిదింటికీ సంగీతం ఒక్క మనిషిదే, ఒక్క ఏడాదిలో. నా పుస్తకంలో సంగీత దర్శకుడికి గడే లేదు.

'అంకుశం' పేజీలో పట్టిక లేదు, నాలుగు వాక్యాలున్నాయి. రాజశేఖర్ పోలీసు, ఆయనకి సాయికుమార్ గొంతు, చంపేస్తాననడానికి విలన్ రామిరెడ్డి "స్పాట్ పెడతా" అన్న మాట. ఆ మాట మా కాలేజీలో ఎంత వాడారంటే ఫీజు కట్టమన్న క్లర్కుకి కూడా వెనక నుంచి స్పాట్ పెట్టేశారు. విలన్‌ని నడిరోడ్డు మీద ఈడ్చుకెళ్తుంటే హాల్లో జనం లేచి నిలబడ్డారు, నేనూ నిలబడ్డాను. అయితే ఆ పేజీ చివర "కానీ శివలాగా భయం వెయ్యలేదు" అని రాసుంది. అదీ నా పరిస్థితి. ఏది చూసినా పక్కన 'శివ'ని నిలబెట్టి కొలవడం.

అందువల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోయింది మా చిరంజీవే. 'శివ' వచ్చిన ఆ అక్టోబర్ నెలాఖర్లోనే 'లంకేశ్వరుడు' వచ్చింది. దాసరి గారి నూరో సినిమా. నూరో సినిమా, అదీ చిరంజీవితో! నెల ముందు నుంచీ నిద్ర లేదు. మొదటి రోజు మొదటి ఆటకి క్యూలో చొక్కా గుండీ తెగింది. తెర మీద అన్నీ ఉన్నాయి, చిరంజీవి ఉన్నాడు, రాధ ఉంది, చెల్లెలిగా రేవతి ఉంది, డాన్సులున్నాయి, ఆ డాన్సుల్లో ఆయనకి ఎప్పుడూ తిరుగులేదు. మూడు వారాల కిందటైతే నేను 85 వేసేవాణ్ణి, అందులో సందేహం లేదు. కానీ ఎవరో గాల్లోకి లేచి పడుతుంటే నాకు దాని వెనకున్న తాడు ఊహలో కనిపించింది. విలన్ అరుస్తుంటే ఎందుకరుస్తున్నాడు అనిపించింది. పక్కవాళ్ళు ఈల వేస్తుంటే నేనూ వేళ్ళు నోట్లో పెట్టుకున్నాను, ఈల రాలేదు. సినిమా తప్పెంతో, నా కళ్ళ తప్పెంతో ఇప్పటికీ లెక్క తేలదు. ఇంటికెళ్ళేటప్పుడు సైకిళ్ళ మీద ఎవరూ మాట్లాడలేదు, ఫ్రెండు ఒక్కడే "డాన్సులు బాగున్నాయి కదరా" అన్నాడు. అందరం "బాగున్నాయి, బాగున్నాయి" అన్నాం. మళ్ళీ గుండె నిండా ఊపిరి పీల్చుకోవడానికి మరుసటి ఏడాది మే దాకా, 'జగదేకవీరుడు అతిలోకసుందరి' దాకా ఆగాల్సి వచ్చింది.

అక్క ఆఖరున పంపింది ఆ 'లంకేశ్వరుడు' పేజీయే. పైన సినిమా పేరు, తేదీ. మార్కులు లేవు, పట్టిక లేదు, ఒక్క మాట లేదు. పక్కపక్కన రెండు టికెట్ ముక్కలు అంటించి ఉన్నాయి.

"రెండెందుకున్నాయిరా? ఎవర్ని తీసుకెళ్ళావు?" అని అడిగింది.

ఎవర్నీ లేదు, ఒక్కణ్ణే, మర్నాడు మళ్ళీ వెళ్ళాను, ఈసారైనా బాగుంటుందేమోనని, అని టైప్ చేశాను. అక్క నమ్మలేదు. ఆ అమ్మాయి పేరు చెప్పమని ఇప్పటికీ అడుగుతోంది.